ప్లస్ టూ ఫారంలో ఆ రెండు చిన్న గడులు

ఈ నెల ఉత్తరాలన్నీ ఇంచుమించు ఒకటే గోల. మెట్రిక్ రిజల్ట్ వచ్చేసింది, ఇంక ప్లస్ టూలో ఏం తీసుకోవాలి. మన ఒడిశాలో బరంపురం నుంచి మోటు దాకా తెలుగువాళ్ళందరూ సైన్సా ఆర్ట్సా కామర్సా అని అక్కడే పేచీ పడుతున్నారు గాని, నేను చాలా ఏళ్ళు అడ్మిషన్ టేబుల్ దగ్గర కూర్చున్నవాణ్ణి కదా, నాకు తెలిసి స్ట్రీమ్ దగ్గర పెద్దగా తప్పులు జరగవు, అది ఇంట్లో పదిమందీ కూర్చుని తేల్చేస్తారు. తప్పులన్నీ ఫారంలో రెండు చిన్న గడుల దగ్గరే జరుగుతాయి, ఎంఐఎల్ అని రాసుంటుంది చూడండి, ఇంగ్లీషు కాక చదివే మన దేశ భాష, అదొకటి, మనం ఎంచుకునే సబ్జెక్టుల్లో నాలుగోది, అంటే నాలుగో ఎలెక్టివ్ ఒకటి. వాటిని పక్కనున్న ఫ్రెండు ఏం నింపితే అదే నింపేసి వచ్చేస్తారు. అందుకే ఈసారి స్ట్రీమ్ గురించి తక్కువ, ఆ గడుల గురించి ఎక్కువ రాస్తాను, ఏమనుకోకండి.

మాస్టారూ నమస్కారం. మాది పర్లాకిమిడి, బట్టల కొట్టు ఉంది. మావాడు ఒడియా మీడియంలో మెట్రిక్ ఫస్ట్ క్లాసులో పాసయ్యాడు. టెక్కలిలో ఉండే మా బావమరిది వైజాగ్‌లో రెసిడెన్షియల్ కాలేజీలో ఎంపీసీలో పడేయమంటున్నాడు, రెండేళ్ళు కళ్ళు మూసుకుంటే ఆంధ్రాలో ఇంజనీరింగ్ సీటు గ్యారంటీ అంటాడు. ఇక్కడ ప్లస్ టూ సైన్స్ చదివితే ఎందుకూ కొరగాడని ఇంటిల్లిపాదీ నామీద పడ్డారు. ఏం చెయ్యమంటారు?

బాబూ, మీ బావమరిది మంచికే చెప్తున్నాడు, కాదనను. కాని ఆయన చెప్పే లెక్క వాళ్ళ పిల్లలకి సరిపోయే లెక్క. మీవాడి విషయంలో రెండు చోట్ల తప్పుతుంది.

మొదటిది లోకల్ నాన్‌లోకల్ గొడవ. ఆంధ్రాలో రాజ్యాంగం 371డి కింద 1974లో వచ్చిన ప్రెసిడెన్షియల్ ఆర్డర్ ఒకటుంది, ఇంజనీరింగ్ కాలేజీల్లో కన్వీనర్ కోటా సీట్లు 85 శాతం లోకల్ వాళ్ళకే. లోకల్ అంటే అక్కడ ఇల్లుండడం, చుట్టాలుండడం కాదు, ఇంటర్‌తో ముగిసేలా వరసగా నాలుగేళ్ళు ఆ ఏరియాలో చదివుండాలి. మీవాడు పది దాకా ఇక్కడ చదివాడు, అక్కడ చదివేది రెండేళ్ళే, మరి లోకల్ ఎలా అవుతాడు? మిగతా 15 శాతం ఉంది కదా అంటారేమో, అది కూడా ఊరికే రాదు, తల్లిదండ్రులు ఆ రాష్ట్రంలో పదేళ్ళు ఉండడమో, అక్కడ ప్రభుత్వోద్యోగం చేస్తూ ఉండడమో ఇలాంటి షరతులున్నాయి. మీ కొట్టు పర్లాకిమిడిలో ఉంది. కాబట్టి ఎంసెట్‌లో, ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు లెండి, ఎంత మంచి ర్యాంకు వచ్చినా చివరికి మేనేజ్‌మెంట్ సీటు దగ్గరికే వచ్చి ఆగే ప్రమాదముంది. ఈ సంగతి కౌన్సెలింగ్ రోజున సర్టిఫికెట్ల బల్ల దగ్గర తెలిసి, ఫైలు చంకలో పెట్టుకుని గుణుపురం ప్యాసింజర్‌లో వెనక్కొచ్చిన తండ్రులు ఒకరిద్దరు నాకు తెలుసు.

రెండోది ఎవ్వరూ చెప్పరు. ఎన్‌ఐటీల్లో సగం సీట్లు ఆ రాష్ట్రం పిల్లలకి ఉంటాయి, హోమ్ స్టేట్ కోటా అంటారు. ఇక్కడ హోమ్ స్టేట్ అంటే పుట్టిన ఊరు కాదు, ఆధార్‌లో అడ్రసూ కాదు, పన్నెండో తరగతి ఏ రాష్ట్రంలో పాసయ్యాడో అదే. మీవాడు వైజాగ్‌లో ఇంటర్ పాసయితే రూర్కెలా ఎన్‌ఐటీలో ఒడిశా కోటా పోయినట్టే. బదులుగా తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీలో ఆంధ్రా కోటా వస్తుంది, నిజమే. ఆ రెండింట్లో ఏది మంచిదో మీరే బేరీజు వేసుకోండి, నన్నడిగితే రూర్కెలా వదులుకోను.

ఇంక ఎంపీసీ అనేది అక్కడి పేరు, అంతే. ఇక్కడ ప్లస్ టూ సైన్స్‌లో ఫిజిక్స్ కెమిస్ట్రీ ఎలాగూ తప్పవు, మూడోది మ్యాథ్స్ పెట్టుకుంటే అదే ఎంపీసీ. పైగా నాలుగో గడిలో బయాలజీ కూడా పెట్టుకోవచ్చు, ఆంధ్రాలో ఆ వీలు ఎంబైపీసీ అని 2025 నుంచే వచ్చింది, మనకి ఎప్పట్నుంచో ఉంది. ఒడిశాలో బీటెక్ సీట్లు కూడా జేఈఈ మెయిన్ ర్యాంకు మీదే ఇస్తారు కాబట్టి ఇక్కడ చదివినా అక్కడ చదివినా రాసే పరీక్ష అదే. మీవాడికి అసలు కష్టం వేరే ఉంది, ఒడియా మీడియం నుంచి ఒక్కసారిగా ఇంగ్లీషు ఫిజిక్స్ పుస్తకంలో పడతాడు. వైజాగ్ పంపినా ఆ కష్టం తప్పదు, అక్కడైతే సందేహం అడగడానికి ఒడియా తెలిసిన మనిషి కూడా దొరకడు. ఈ వేసవిలో మీరు పెట్టే ఖర్చేదో ఆ ఇంగ్లీషు మీద పెట్టండి.

డీమ్డ్ యూనివర్సిటీల్లో వాళ్ళ సొంత పరీక్ష రాసి ఫీజు కట్టుకుని చదివిద్దాం అనుకుంటే మాత్రం ఈ గొడవ ఏదీ లేదు. అది మీ గల్లాపెట్టె సంగతి.

సార్, నేను గుణుపురం అమ్మాయిని. సైన్స్ తీసుకుంటున్నాను. నాకు నర్సింగ్ అంటే ఇష్టం. మ్యాథ్స్ అంటే భయం, మెట్రిక్‌లో 61 వచ్చాయి. మా సార్ మ్యాథ్స్, బయాలజీ రెండూ తీసుకో, ఇంజనీరింగ్‌కీ పనికొస్తుంది మెడికల్‌కీ పనికొస్తుంది అంటున్నారు. నాన్న కూడా అదే అంటున్నారు. తీసుకోవాలా?

తల్లీ, నీకు నర్సింగే ఇష్టమని ఉత్తరంలో మూడోవాక్యంలోనే రాశావు, మిగతా ఉత్తరం అంతా వేరేవాళ్ళ మాటలే ఉన్నాయి.

ముందు రూలు చెప్తా. బీఎస్సీ నర్సింగ్‌కి ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లీషు ఉండాలి, జనరల్ వాళ్ళకి ఆ సైన్సు సబ్జెక్టులన్నీ కలిపి 45 శాతం. మ్యాథ్స్ ఊసే లేదు. జీఎన్‌ఎం, అంటే నర్సింగ్ డిప్లొమా అయితే ఏ స్ట్రీమ్ అయినా పర్లేదు, ఇంగ్లీషుతో ప్లస్ టూ పాసై 40 శాతం ఉంటే చాలు. నీట్ రాసినా అంతే, 180 ప్రశ్నల్లో 90 బయాలజీవే, 720లో 360 మార్కులు. ఎటు చూసినా నీకు కావలసిన మార్కులు బయాలజీ పుస్తకంలోనే ఉన్నాయి, మ్యాథ్స్‌లో లేవు.

మరి మీ సార్ ఎందుకలా అన్నారు అంటే, మంచి ఉద్దేశమే, ఇంకోదారి కూడా ఉంచుకోమని. కాని ప్లస్ టూ మ్యాథ్స్ ఊరికే పక్కన పడుండే రకం కాదు. రోజూ రెండు గంటలు తినేస్తుంది. ఇంటిగ్రేషన్ చాప్టర్ దగ్గరికి వచ్చేసరికి పిల్లలు బయాలజీ పుస్తకం మూసేసి, ఫెయిలవుతామన్న భయంతో లెక్కలే చేస్తూ కూర్చుంటారు, చివరికి లెక్కల్లో ముక్కీ మూలిగీ పాసయి, బయాలజీలో 80 రావలసిన చోట 62 వస్తాయి. రెండు పడవల మీద కాళ్ళు అంటే ఇదే.

ఫారాలు ఇంకా కాగితం మీద నింపే రోజుల్లో ఒకమ్మాయి నా టేబుల్ దగ్గరికి వచ్చింది, వెనక నాన్న. నాలుగో గడిలో పెన్సిల్‌తో మ్యాథ్స్ అని రాసుంది, తుడిచి ఐటీ అని రాసుంది, మళ్ళీ తుడిచి మ్యాథ్స్. రబ్బరు రుద్ది రుద్ది సరిగ్గా ఆ గడి దగ్గర కాగితానికి చిల్లు పడింది. చిల్లులోంచి నా టేబుల్ మీది ఆకుపచ్చ గుడ్డ కనిపిస్తోంది. ఇంకో ఫారం ఇచ్చి, బయటికెళ్ళి ఒక్కదానివే వేపచెట్టు కింద కూర్చుని రాసుకురా అన్నాను, నాన్నని నా దగ్గర కూర్చోబెట్టుకున్నాను. ఐటీ అని రాసుకొచ్చింది. ఆయన నామీద అలిగి టీ కూడా తాగలేదు, అది వేరే విషయం.

నీకు ఇంకా ఊగిసలాటగా ఉంటే ఒక పని చెయ్యి. వచ్చే ఆదివారం మధ్యాహ్నం అన్నం తిన్నాక పదో తరగతి పుస్తకంలో వర్గ సమీకరణాల చాప్టర్ తియ్యి, గైడు లేకుండా, యూట్యూబ్ లేకుండా, చివర్లో ఉన్న లెక్కలు పదిహేను చెయ్యి. మార్కులు వేసుకోకు. ఎనిమిదో లెక్క దగ్గరికి వచ్చేసరికి లేచి మంచినీళ్ళకి వెళ్ళాలనిపించిందా, లేకపోతే ఇంకోటి చేద్దాం అనిపించిందా, అంతే చూసుకో. ఇంకోటి చేద్దాం అనిపిస్తే మీ సార్ మాట విను, 61 వచ్చినా పర్లేదు. లేచి వెళ్ళిపోవాలనిపిస్తే ఐటీయో, మీ కాలేజీలో ఇంకేముంటే అదో పెట్టుకో.

ఇంకో మాట, దీన్ని తిరగేసి అడిగేవాళ్ళ కోసం. మ్యాథ్స్ తీసుకుని బయాలజీ వదిలేసినవాళ్ళకి తర్వాత డాక్టరీ మీదికి మనసు పోతే మునుపు దారి ఉండేది కాదు, 2023 నవంబరులో నేషనల్ మెడికల్ కమిషన్ నోటీసు ఇచ్చింది, ప్లస్ టూ పాసయ్యాక గుర్తింపు ఉన్న బోర్డు నుంచి బయాలజీని అదనపు సబ్జెక్టుగా రాసి పాసయినా నీట్‌కి కూర్చోవచ్చని. కాబట్టి బయాలజీ వదిలేస్తే జన్మంతా పోయినట్టే అన్న మాట ఇప్పుడు చెల్లదు.

(ఈ ఉత్తరం రాయగడ నుంచి ఒక అమ్మాయి రాసింది. మాటలన్నీ తెలుగే, అక్షరాలు మాత్రం ఒడియా. నేను చదివి మన లిపిలోకి మార్చాను.) సార్, మా ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం. బడిలో ఒడియా చదివాను. ప్లస్ టూలో ఎంఐఎల్ తెలుగు పెట్టుకోమని మా నానమ్మ అంటోంది, మన భాష మనం చదవకపోతే ఎవరు చదువుతారు అని. అమ్మేమో తెలుగు పెడితే రేపు ఒడిశా గవర్నమెంటు ఉద్యోగం రాదు అంటోంది. ఎవరి మాట వినాలి?

అమ్మా, నీ ఉత్తరం మూడుసార్లు చదివాను, అంత ముచ్చటగా ఉంది. "మాట్లాడతాం" అన్న మాట ఒడియా అక్షరాల్లో ఎలా ఉంటుందో ఇన్నేళ్ళలో నేనెప్పుడూ చూడలేదు. ఆ "ట్లా" దగ్గర నువ్వెంత అవస్థ పడ్డావో తెలిసింది, రెండుసార్లు కొట్టేసి ఉంది.

ముందు మీ అమ్మగారి భయం తీర్చేద్దాం, ఎందుకంటే ఈ భయం మన సరిహద్దు ఊళ్ళన్నిట్లో ఉంది, సగం నిజం సగం పుకారు. ఒడిశా ప్రభుత్వోద్యోగాల నోటిఫికేషన్లలో ఒడియా చదవడం రాయడం మాట్లాడడం రావాలని ఉంటుంది, అది నిజం. దానికి రుజువుగా వాళ్ళు అడిగేది ఏంటంటే, ఏడో తరగతి ఆఖరి పరీక్షలో ఒడియా ఒక లాంగ్వేజ్ సబ్జెక్టుగా పాసయ్యుండాలి, లేదా మెట్రిక్‌లో లాంగ్వేజ్ కాని సబ్జెక్టులు ఒడియా మీడియంలో రాసి పాసయ్యుండాలి, అదీ లేకపోతే ఎంఈ స్కూలు, అంటే ఏడో తరగతి స్థాయి ఒడియా పరీక్ష అని విడిగా పెడతారు, అది పాసయ్యుండాలి. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా చాలు. నువ్వు బడిలో ఒడియా చదివే వచ్చావు కాబట్టి నీ రుజువు నీ దగ్గర ఇప్పటికే ఉంది, ప్లస్ టూలో ఎంఐఎల్ ఏది పెట్టుకున్నా అది చెరిగిపోదు. ఆ ఏడో తరగతి కాగితం మాత్రం జాగ్రత్తగా దాచుకో, బీరువాలో అమ్మ పట్టుచీర కింద. అసలు భయపడాల్సినవాళ్ళు ఎవరంటే ఇంగ్లీషు మీడియంలో హిందీ, సంస్కృతం పెట్టుకుని ఒడియా వాసన తగలకుండా పది దాటేసిన పిల్లలు, వాళ్ళకి ఆ విడి పరీక్ష తప్పదు.

ఇప్పుడు నానమ్మగారి మాట. ప్లస్ టూ పరీక్షలు పెట్టే కౌన్సిల్ లిస్టులో తెలుగు ఎంఐఎల్‌గా ఉంది, ఒడియా, హిందీ, ఉర్దూ, బెంగాలీలతో పాటు. పెట్టుకోవడానికి ఏ అడ్డూ లేదు. కాని పెట్టుకునే ముందు రెండు సంగతులు చూసుకోవాలి.

ఒకటి, కాలేజీలో తెలుగు చెప్పే మనిషి ఉన్నారా. లిస్టులో ఉండడం వేరు, క్లాసు జరగడం వేరు. ఒక కాలేజీలో, పేరెందుకులే, ఒక కుర్రాడు తెలుగు అని టిక్కు పెట్టి వచ్చేశాడు, రెండేళ్ళలో ఆ గదిలో ఎవరూ చాక్‌పీసు ముట్టుకోలేదు. టైమ్‌టేబుల్‌లో మాత్రం తెలుగు పీరియడ్ ఉండేది, ఆ టైములో వాడు వరండాలో కూర్చుని మిగతావాళ్ళ ఒడియా పాఠం వినేవాడు. చివరికి పరీక్షకి నెల ముందు శ్రీకాకుళం వెళ్ళి పుస్తకాలు తెచ్చుకుని, వాళ్ళ మేనత్త చేత పద్యాలు చెప్పించుకుని పాసయ్యాడనుకో. అందరికీ అలాంటి మేనత్త ఉండదు. కాబట్టి ఆఫీసులో గుమస్తాని అడక్కు, ఆయన ఉంది ఉంది అనేస్తాడు, సెకండియర్ పిల్లల్ని అడుగు.

రెండోది నీ చెయ్యి. పరీక్షలో మూడు గంటలు ఆగకుండా రాయాలి. నీకు తెలుగు మాట వచ్చు, రాత రాదు. ఒడియా అక్షరానికి నెత్తిమీద గుండ్రంగా గొడుగు పడుతుంది, మనకి తలకట్టు పడుతుంది, చెయ్యి ఆ గొడుగుకి అలవాటు పడిపోయాక తలకట్టు దగ్గర రోజూ ఆగుతుంది. అడ్మిషన్ దాకా ఇంకా కొన్ని రోజుల టైముంది కదా, రోజూ తెలుగు పేపర్లోంచి ఒక్క వార్త, సినిమా వార్త అయినా పర్లేదు, ఎత్తి రాయి. మొదటిరోజు ఒక పేజీకి ఎంతసేపు పట్టిందో పైన మూల వేసుకో. ఇరవై రోజుల తర్వాత అదే పేజీ ఇరవై నిమిషాల లోపు అయితే నానమ్మ మాట నిలబెట్టు. అవ్వకపోతే ఎంఐఎల్ ఒడియాయే పెట్టుకో, సిగ్గుపడకు, నీకు వచ్చిన రాత అది, ఆ పేపర్లో నీకు బాగా మార్కులొస్తాయి, ఆరు సబ్జెక్టుల్లో అదొకటి, మొత్తం 600లో 100. తెలుగు రాత మాత్రం మానకు, నానమ్మకి ఉత్తరాలు రాయి.

మన పర్లాకిమిడిలోనే కదా గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో రాజావారి బడిలో మేష్టరుగా చేరింది. జనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లో రాయాలని ఆయన జీవితమంతా పోట్లాడారు, కొండల్లో సవరల భాష నేర్చుకుని వాళ్ళ పిల్లలకి బడులు పెట్టారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవం అని ఆంధ్రాలో దండలేసి చేస్తారు. ఆయన పాఠాలు చెప్పిన ఈ ప్రాంతంలోనేమో ఇవాళ తెలుగు మాట ఒడియా అక్షరాల్లో ఉత్తరమై నా దగ్గరికొస్తోంది. నాకైతే ఇందులో బాధపడాల్సింది ఉందనిపించలేదు, పంతులుగారు చూస్తే ఆ "ట్లా" ఎలా రాశావో చూపించమని కాగితం లాక్కునేవారనిపించింది.

అంకుల్, బరంపురం బడా బజార్. నాన్నది కిరాణా హోల్‌సేల్. నేను కామర్స్ చదివి సీఏ చేద్దాం అనుకుంటున్నా. మ్యాథ్స్ లేకుండా కామర్స్ తీసుకుంటే సీఏ రాయనివ్వరు అని ఒకరు, రాయనిస్తారు అని ఒకరు. ఏది నిజం?

రాయనిస్తారు. సీఏ ఫౌండేషన్‌కి ప్లస్ టూ ఏ స్ట్రీమ్ అయినా పర్లేదు, మ్యాథ్స్ ఉండాలని రూల్ లేదు. కాని నాయనా, రాయనివ్వడం వేరు పాసవ్వడం వేరు. ఫౌండేషన్‌లో నాలుగు పేపర్లు, ఒక్కోటి వంద, అకౌంటింగు, బిజినెస్ లాస్, క్వాంటిటేటివ్ ఆప్టిట్యూడ్, బిజినెస్ ఎకనామిక్స్. ఆ మూడోది ఉంది చూశావా, దాంట్లో 40 మార్కులు లెక్కలు, 20 లాజికల్ రీజనింగు, 40 స్టాటిస్టిక్స్. తప్పు జవాబుకి పావు మార్కు కోత. ఒక్కో పేపర్లో కనీసం 40 రావాలి, నాలుగూ కలిపి సగం రావాలి. కామర్స్ పిల్లలు అకౌంట్స్‌లో 70 తెచ్చుకుని ఈ పేపర్లో 36 దగ్గర ఆగిపోవడం నాకు తెలిసి చాలా మామూలు సంగతి.

అందుకని నీకు ఎలెక్టివ్‌ల్లో బిజినెస్ మ్యాథమేటిక్స్ అండ్ స్టాటిస్టిక్స్ దొరికితే కళ్ళకద్దుకుని తీసుకో. తేలిగ్గా మార్కులొస్తాయని ఇంకేదో పెట్టుకుంటే ప్లస్ టూలో శాతం పెరుగుతుంది, తర్వాత ఆ లెక్కలు ఎలాగూ నేర్చుకోవలసిందే, అదీ ఒక్కడివే కూర్చుని. ఫౌండేషన్ 2024 నుంచి ఏడాదికి మూడుసార్లు పెడుతున్నారు కాబట్టి ఒకసారి పోయినా ఏడాదంతా పోదు, మునుపటంత ప్రాణసంకటం లేదు. సాయంత్రం పూట గంటసేపు నాన్న కొట్లో కూర్చుని జీఎస్టీ బిల్లులు చూడు. ఇన్‌పుట్ క్రెడిట్ అంటే ఏంటో నీకు పుస్తకం కంటే ఆ బియ్యం బస్తాల బిల్లే బాగా చెప్తుంది.

జయపురం నుంచి. నీట్ తెలుగులో రాయొచ్చా? లేక ఒడియాలో రాయాలా?

రెండు భాషల్లోనూ ఉంది, మొత్తం 13 భాషల్లో పెడతారు. కాని తెలుగు పేపరు కావాలంటే సెంటరు ఆంధ్రాలోనో తెలంగాణాలోనో పెట్టుకోవాలి, ఒడిశా సెంటర్లలో ఇంగ్లీషు, హిందీ, ఒడియా దొరుకుతాయి. ఫారంలో భాష గడి నింపేటప్పుడే బాగా ఆలోచించి పెట్టు. నువ్వు ప్లస్ టూ సైన్స్ ఇంగ్లీషులోనే చదువుతావు, మైటోకాండ్రియాకి తెలుగులో ఏమంటారో పరీక్ష హాల్లో వెతుక్కోవడం ఎందుకు, ఇంగ్లీషే పెట్టుకో.

మాది మల్కనగిరి జిల్లా మోటు దగ్గర. మా పాప 58 శాతంతో పాసయింది, ఆర్ట్స్ తీసుకుని టీచర్ అవుతానంటోంది. ఆర్ట్స్ అంటే ఏమీ రానివాళ్ళు తీసుకునేది అని ఊళ్ళో అంటున్నారు. ఏ సబ్జెక్టులు పెట్టుకోవాలో కూడా తెలియడం లేదు. కాలేజీలో జాగ్రఫీ, ఎడ్యుకేషన్, లాజిక్, పొలిటికల్ సైన్స్, హిస్టరీ, ఎకనామిక్స్ ఉన్నాయట.

అమ్మా, ఊళ్ళో వాళ్ళ మాట గోదాట్లో, కాదు మీకు శబరి దగ్గర కదా, శబరిలో కలిపెయ్యండి. ఆ అనేవాళ్ళలో సగంమంది పిల్లలు సైన్స్‌లో చేరి ఫస్టియర్ అయ్యాక ఆర్ట్స్‌కి మార్చమని ప్రిన్సిపాల్ గది బయట నిలబడతారు, అప్పటికి కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ అయిపోయి మార్చడం తలనొప్పవుతుంది. మార్చుకోవాలంటే మొదటి వారాల్లోనే దరఖాస్తు పెట్టుకోవాలి, ఇది అందరికీ చెప్తున్నా.

టీచరు పని రెండు రకాలు. చిన్న తరగతులకయితే ప్లస్ టూ తర్వాత డీఎల్‌ఈడీ అనే టీచర్ ట్రైనింగ్ డిప్లొమా, దానికి ప్లస్ టూలో జనరల్ వాళ్ళకి 50 శాతం ఉండాలి, ఏ స్ట్రీమ్ అయినా సరే. ఆ తర్వాత ఓటెట్, అంటే ఒడిశా టీచర్ల అర్హత పరీక్ష రాయాలి, అందులో మొదటి లాంగ్వేజ్ కింద ఒడియా, ఉర్దూ, హిందీ, తెలుగు, బెంగాలీల్లో ఒకటి పెట్టుకోవచ్చు. మోటు, కలిమెల వైపు తెలుగు పిల్లలున్నారు కాబట్టి మీ పాపకి తెలుగు చదవడం రాయడం వస్తే అది దాచుకోవలసిన ఆస్తే. హైస్కూలు టీచరు అవ్వాలంటే డిగ్రీ, బీఎడ్ కావాలి, అప్పుడు డిగ్రీలో చదివిన సబ్జెక్టులు స్కూల్లో పాఠాలుగా ఉండే సబ్జెక్టులు అయ్యుండాలి. ఇక్కడే ఎలెక్టివ్ గడి పట్టుకుంటుంది. లాజిక్ మంచిదే, మార్కులు బాగా వస్తాయని పిల్లలు ఎగబడతారు, కాని హైస్కూల్లో లాజిక్ పీరియడ్ ఎక్కడుంది? హిస్టరీ, పొలిటికల్ సైన్స్, జాగ్రఫీ ఉన్నాయి, సోషల్ అంటే ఇవే కదా. ఈ మూడూ పెట్టుకుని, నాలుగోది ఎడ్యుకేషన్ పెట్టుకుంటే డీఎల్‌ఈడీలో కొన్ని పాఠాలు ముందే విన్నట్టుంటుంది. 58 శాతం పిల్ల కాబట్టి మార్కుల కోసం ఒక తేలిక సబ్జెక్టు ఉండాలి అనుకుంటే జాగ్రఫీయే ఆ తేలిక సబ్జెక్టు, నవ్వకండి, దాంట్లో 30 మార్కులు ప్రాక్టికల్, థియరీ 70కే. మ్యాపులు శుభ్రంగా గీసే చెయ్యి ఉంటే ఆ 30లో పెద్దగా పోవు.

కాకపోతే జాగ్రఫీ లిస్టులో ఉంది కదా అని టిక్కు పెట్టేసి రాకండి. ఓసారి ఆ కాలేజీకి వెళ్ళి జాగ్రఫీ ల్యాబ్ ఎక్కడండీ అని అడగండి. చూపించడానికి తీసుకెళ్తే, తాళం తీసేటప్పుడు తాళంచెవి ఎంతసేపు వెతికారో చూడండి.